మొలవని నీలి గింజలు

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నమంతా రోడ్ల మీదికి వచ్చిన అరవై తొమ్మిదిలో, మా బడి నెలల తరబడి తెరవలేదు. అప్పటికే మేము పోచంపల్లి దగ్గరి మా పల్లె వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో కిరాయికి ఉంటున్నాం. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు నడిస్తే అప్పుడు కనిపించేవి ద్రాక్ష తోటలే. నాన్న మలక్‌పేటలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఇంట్లో నేను, అమ్మ, నాన్న, మా తాత. ఆ ఎండాకాలంలోనే మా చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, ఒక రేకు పెట్టె పట్టుకుని అత్తగారింటి నుంచి వచ్చేసింది.

ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. ఆమె కుడిచేతి చిటికెన వేలు పక్కకు వంగిపోయి ఉంది. పెళ్లికి ముందు అట్లా లేదని నాకు కూడా తెలుసు. అందరం చూశాం, ఎవరం ఆ మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం ఆ చేతికి బరువు తగలకూడదని ఆమెను నీళ్ల బిందె ముట్టుకోనిచ్చేది కాదు.

మా తాత మంచివాడే. కానీ నలుగురిలో మాట పడాల్సి వస్తుందంటే ఆయనకు అన్నం సహించేది కాదు. పెళ్లయిన కూతురు పుట్టింట్లో కూర్చుంటే కులపెద్దలు ఏమంటారోనని ఆయన దిగులు. కొద్ది రోజులకే తిరిగి పంపించే మాట మొదలుపెట్టాడు. చిన్నత్త ఎదురు చెప్పలేదు. కొంగు ముడి విప్పి సన్నని గింజలు చూపించింది.

"అడవి నీలి గింజలు నాయినా. అమ్మ పెంచిన చెట్లయే. గీ వాకిట్ల పోస్త. మొలకలొచ్చినంక పోతా."

తాతను మెత్తబరచడానికి అంతకు మించిన మాట లేదు. ఆయన తండ్రి కాలంలో మా మగ్గాల దారానికి రంగు నీలి ఆకుతోనే వేసేవారట. అడవి నీలి ఆ మొక్కకు చుట్టమే గాని, రంగుకు పనికొచ్చేది కాదు. అయినా మా నానమ్మ ఊళ్లో ఇంటి ముందు వరసగా దాన్నే పెంచింది. ఒకసారి వేరు లోతుగా దిగితే చాలు, ఎండాకాలంలో మోడైనా వానలకు మళ్లీ చిగురించి, ఏటా ఊదా రంగు పూలు పూసేది. నానమ్మ పోయాక, పట్నం వచ్చాక, తాత తరచుగా తలుచుకున్నది ఆ పూలనే. వాటిని గింజ నుంచి మొలిపించడం నానమ్మకు తెలుసు, ఆమె దగ్గర నేర్చుకున్న చిన్నత్తకు తెలుసు. తాతకు తెలియదు.

చిన్నత్తను తీసుకుపోవడానికి వచ్చిన ఆమె బావకు, అంటే ఆమె భర్త అన్నకు, తాత మాట ఇచ్చి పంపాడు. మొలకలు రాగానే తానే కబురు చేస్తానన్నాడు.

చిన్నత్త వాకిట్లో గోడ వారగా మట్టి తవ్వి, పెంట ఎరువు కలిపి గింజలు చల్లింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చల్లడం నా పని. బడి లేదు కాబట్టి నాకు అదే పెద్ద ఉద్యోగం. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి, గడ్డి మొలిచింది. నీలి మాత్రం రాలేదు. తాత రోజూ కళ్లద్దాలు పెట్టుకుని మడి పక్కన గొంతుకూర్చుని చూసేవాడు. ఒకరోజు కోళ్లను తిట్టేవాడు, ఒకరోజు పట్నం మట్టిని తిట్టేవాడు.

మా పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వెళ్లిపొమ్మని ఎవరో వాళ్ల గోడ మీద బొగ్గుతో రాసిపోయినప్పటి నుంచి వీధి తలుపు తీసేవాళ్లు కాదు. చిన్నత్త పెరటి గోడ మీదుగా ఆ ఇంటి పిన్నిగారితో మాట్లాడుతూనే ఉండేది, కూరాకులు అందిస్తూనే ఉండేది. ఒకరోజు పిన్నిగారు నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"చూడవే అమ్మాయ్, మీ అత్త ఇచ్చిన గింజలు ఎంత చక్కగా మొలిచాయో. గరుకు ఇసుకలో వేసి రుద్దమంది, గోరువెచ్చటి నీళ్లలో ఒక పూట నానబెట్టమంది. అంతేనే."

గోడ ఎక్కి చూస్తే నిజమే. చిన్న చిన్న జంట ఆకులు బారుగా నిలబడి ఉన్నాయి. పరుగున వచ్చి చిన్నత్తను అడిగాను. ఆమె మొదట నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వాటి తోలు గట్టిది బిడ్డా. రుద్దకుంటె లోపటికి నీళ్లు పోవు. మనయి నేను రుద్దలే."

"ఎందుకత్తా?"

"మొలిస్తె పోవాలె గద."

ఆ క్షణం నుంచి నాకు మా అత్త కంటే తెలివైన మనిషి ఈ లోకంలో లేదనిపించింది. ఆ రహస్యం నాకు కూడా తెలుసునన్న గర్వంతో, తాత చూస్తుండగా మరింత శ్రద్ధగా నీళ్లు పోసేదాన్ని.

ఒకనాడు పొద్దున కూరగాయలకని ఇద్దరం పెద్ద రోడ్డు మీదికి వెళ్లాం. కాలేజీ ఆడపిల్లలు కొందరు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. పోలీసు వ్యాను వచ్చింది. పోలీసుల్లో వయసు పైబడిన ఒకాయన ముందు వరుసలో రెండు జడల పిల్ల దగ్గర వంగి, తండ్రి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"తల తిరుగుతుందని చెప్పి పక్కకు పో బిడ్డా. నేను చూడనట్టు ఉంటా. ఎందుకు పరేషాన్."

"తల తిరుగుతలేదు సార్" అంది ఆ పిల్ల. "మేం లేవం."

వాళ్లను చేతులు పట్టి లేపి వ్యానులో ఎక్కించారు. వ్యాను తలుపు వేసేదాకా ఆ పిల్ల అదే మాట అంటూనే ఉంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. చిన్నత్త ఖాళీ సంచి పట్టుకుని, వ్యాను కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఇంటికి రాగానే కొంగులో మిగిలిన గింజలు తీసింది. బండ మీద గరుకు ఇసుక పోసి, అందులో గింజలు వేసి, అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. వంగిన వేలు అడ్డం వస్తుంటే దాన్ని పైకెత్తి పట్టి రుద్దుతోంది. నాకు ఏడుపు వచ్చింది.

"వద్దత్తా, మొలుస్తయి."

"మొలవనీ" అంది. "ఇప్పుడు గింజ మొలవలేదని ఈడ ఉన్న. నేను పోనని చెప్పి ఎప్పుడుంటా?"

వారం తిరక్కుండానే మడి నిండా మొలకలు లేచాయి. తాత వాటి పక్కన చాలాసేపు కూర్చుని, కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ సాయంత్రమే కబురు పంపాడు.

చిన్నత్త బావ వచ్చాడు. మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తాత చెప్పినట్టే అమ్మ రేకు పెట్టెను గడప దగ్గర పెట్టింది. చిన్నత్త వట్టి చేతులతో వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మొలకలొచ్చినయి నాయినా. అయినా నేను పోను."

గింజలు ఎట్లా చల్లిందీ, ఎందుకు మొలవలేదో, ఇప్పుడు ఎట్లా మొలిచాయో దాచకుండా చెప్పింది. తాత ముఖం నల్లబడింది. బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఏంది మామా, మాట తప్పుతున్నవ్?"

"మాట అన్నది నేను, తప్పుతున్నది నేను. నాయిననెందుకు అంటవు బావా" అంది చిన్నత్త. తర్వాత తాత వైపు తిరిగి చెయ్యి చాపింది. "గీ వేలు ఎట్ల వంగిందో ఒక్కసారన్న నన్ను అడుగు నాయినా."

తాత కళ్లద్దాలు పెట్టుకుని ఆ చేతిని చూశాడు. ఆయన అడగడేమో అనుకున్నాను.

"ఎట్లయింది బిడ్డా?"

చెప్పింది. భర్త ఆమె చెయ్యి తలుపు సందులో పెట్టి, తలుపు మూశాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. బావ నేల చూస్తూ, ఇది ఇంట్లో మాట, వాకిట్లో చెప్పుకునేది కాదన్నాడు. అప్పుడు మా అమ్మ, మామ ముందు ఎన్నడూ నోరు తెరవని మా అమ్మ, గడప దగ్గరున్న పెట్టెను కాలితో లోపలికి తోసింది. బండల మీద రేకు గీసుకున్న చప్పుడుకు బావ లేచి నిలబడ్డాడు. ఇక కూర్చోలేదు.

తాత ఆ ఒక్కరోజుతో మారిపోయాడని చెప్పలేను. కూతురు తనను మోసం చేసిందన్న కోపం వానలు వెనకపట్టేదాకా పోలేదు. ఏం కావాలన్నా నాకు చెప్పి ఆమెకు చెప్పించేవాడు. కానీ కులపెద్దలు పంచాయితీకని వచ్చిన రోజు, వాళ్లను అరుగు మీదే ఆపి, "నా బిడ్డ పోనన్నది, పోదు" అన్నాడు. వాళ్లకు చాయ్ కూడా చెప్పలేదు.

ఆ ఏడు రాష్ట్రం రాలేదు. బడి తెరిచారు. చిన్నత్త కుట్టుపని నేర్చుకుని, సరూర్‌నగర్‌లో చిన్న దుకాణం పెట్టుకుని, కళ్లు కనబడినంత కాలం బడిపిల్లల బట్టలు కుట్టింది. అత్తగారింటి ముఖం మళ్లీ చూడలేదు.

నేను పంతులమ్మనయ్యాను. చేయకూడని పని చేయమని పైవాళ్లు అడిగిన రోజులు నాకూ వచ్చాయి. ముందు నోటికి వచ్చేవి సాకులే. ఒంట్లో బాగాలేదని, ఇంట్లో పెళ్లి ఉందని. అవి చెబితే ఎదుటివాళ్లకూ హాయిగానే ఉంటుంది. అయినా నేను ముందు "చేయను" అంటాను, కారణం అడిగితే తర్వాత చెబుతాను. ఇంకొకటి కూడా ఆ రోజు మా వాకిట్లో నేర్చుకున్నదే. ఏ పిల్ల చేతి మీదైనా కమిలిన మచ్చ కనిపిస్తే, పాఠం ఆపి, ఆ పిల్లను పక్కకు పిలిచి, ఎట్లా అయిందని అడుగుతాను. చెప్పేదాకా ఆగుతాను.