ఓబులమ్మ నవ్వు రెండుసార్లు అచ్చయింది

కరోనా సద్దుమణిగి, వాయిదా పడ్డ పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మా నెత్తిన పడిన ఏడాది అది. ప్రొద్దుటూరులో మాది డిజైన్ స్టూడియో. స్టూడియో అన్నది బోర్డు మీది మాట. అసలుకి మేడ మెట్ల పక్కన ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను, నా భాగస్వామి ఖాదర్. కింద వెండి పట్టీలకు మెరుగు పెట్టే అంగడి. మా పనిలో మెరుగేదైనా ఉంటే అది కింది నుంచి వచ్చిందేనని ఖాదర్ అంటుంటాడు.

పెళ్ళి కార్డులు, అంగళ్ళ లోగోలు, బడుల వార్షిక సంచికలు, చావు ఫ్లెక్సులు అన్నీ చేస్తాం. నామకరణం నుంచి కర్మాంతరం దాకా మా దగ్గర టెంప్లేట్ ఉంది. టెంప్లేట్ అంటే ముందే కట్టి పెట్టుకున్న చట్రం. పేరూ ఫొటో మారిస్తే చాలు, మిగతా దుఃఖమంతా అందులో సిద్ధంగా ఉంటుంది.

ఓబులమ్మ జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి కోడలు నాగవేణిని వెంటబెట్టుకొని వచ్చింది. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆమె దంచే చెనక్కాయల కారానికి, అంటే వేరుశనగల కారప్పొడికి, చుట్టుపక్కల పేరుంది. దాన్ని ప్యాకెట్లలో పెట్టి అంగళ్ళకు వేయాలన్నది కోడలి ఆలోచన. అందుకోసం మందలో సగం గొర్రెలు అమ్మేశారు. ఇది నడవకపోతే నాగవేణి మళ్ళీ కూలికి పోవాల్సిందే.

నేను ఎంతో కష్టపడి ఒక లోగో గీశాను. ఒక గీత, ఒక ఆకు, చుట్టూ బోలెడంత తెలుపు.

"ఇదేందప్పా, మ్యాక మేసినట్ల ఒక ఆకే మిగిలిండాది?" అంది ఓబులమ్మ.

"మినిమల్ అవ్వా. తక్కువలోనే ఎక్కువ చెప్పడం."

"చెప్పేదేముండాది? కారం ఎవురు చేసిరో తెలియల్ల. నా మొగం పెట్టు."

మా వైపు బ్రాండింగ్ అంటే మొహమే. సున్నుండల డబ్బా మీద అవ్వ మొహం, చీరల సంచీ మీద సేటు మొహం. నా ఆకు ఆ రోజే రాలిపోయింది.

ఫొటోకు కూర్చోబెడితే ఆమె నవ్వదు.

"కొంచెం నవ్వు అవ్వా," అన్నాడు ఖాదర్ కెమెరా వెనక నుంచి.

"నవ్వితే కారం తక్కువనుకుంటారు."

నమూనాకు తెచ్చిన పొడిని ఖాదర్ మొండిగా ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. ఎక్కిళ్ళు మొదలై, కెమెరా చేతిలో పట్టుకొని గదంతా గెంతాడు. ఓబులమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వే మాకు దొరికిన ఫొటో. దాన్ని కటౌట్ చేశాను, అంటే వెనకున్న గోడను చెరిపి మనిషిని ఒక్కదాన్నే మిగిల్చాను. ప్యాకెట్ మీద ఆమె నిజంగా ఎవరినో చూసి నవ్వుతున్నట్టే ఉండేది. పౌచులు బయటి ఊర్లో అచ్చయి, మూటలు మూటలుగా వచ్చాయి. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, ఓబులమ్మ పెద్ద కూతురుండే పులివెందులలో అంగళ్ళకు వేశారు. బాగానే కదిలాయి.

ఆ ఎండాకాలంలోనే, గొర్రెలు తోలుకుపోయిన ఓబులమ్మ చేన్లోనే కూలిపోయింది. గుండె అన్నారు.

కొడుకు ఫోన్ చేశాడు. "పెద్ద ఫ్లెక్సులు కావల్లప్పా. మీ కాడుండే ఫొటోనే ఎయ్యండి. మాయమ్మ అట్ల నవ్వింది ఇంగ యాడా లేదు."

అది నిజమే. అంతకుముందు ఆమె ఫొటో అంటే ఆధార్ కార్డే, అందులో అందరం నేరస్థుల్లాగే ఉంటాం. అదే కటౌట్‌ను మబ్బుల మీద పెట్టి, అటూ ఇటూ దీపాలు వెలిగించి, దండ వేసి పంపాను. జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఒకటి, పులివెందులలో ఒకటి కట్టారు. మా చేతి పనుల్లో అంత పెద్దగా అచ్చయింది అదే.

కర్మాంతరం అయ్యాక నాగవేణి ఒక గోనెసంచి మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. సంచి నిండా వెనక్కొచ్చిన ప్యాకెట్లు.

"ఎవురూ కొంటాల్యా," అంది. "సచ్చిపోయినామె మొగం జూస్తా సంగట్లోకి ఏం కలుపుకుంటారు అంటాండారు అంగడోళ్ళు. ఒగాయప్ప ప్యాకెట్టు కండ్లకద్దుకోని మళ్ళ ఆడనే పెట్టినాడంట. పులివెందులలో అయితే, ఇది దినాలకు ఉత్తగా పంచేదేమో అని అడిగిరంట."

అలాంటప్పుడు అనడానికి నా దగ్గర ఏదో ఒక జోకు ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు ఖాదర్ ముందే నా కాలు తొక్కాడు.

స్టికర్ వేద్దామన్నాను. మొహం సరిగ్గా మూసుకుపోయేంత స్టికర్. దాని మీద ఏం పెట్టాలంటే నా పాత ఆకే సిద్ధంగా ఉంది. ఒక డిజైనర్ లోగో నెగ్గడానికి ఎంత నీచమైన దారులుంటాయో అప్పుడే తెలిసింది.

స్టికర్లు వచ్చాక నాగవేణి మా గదిలో కింద కూర్చొని అంటించడం మొదలుపెట్టింది. మేమూ కూర్చున్నాం. ఆమె ఒక్కో ప్యాకెట్‌ను ఒళ్ళో పెట్టుకొని, స్టికర్‌ను గడ్డం దగ్గర మొదలుపెట్టి, కండ్ల దగ్గరికొచ్చేసరికి ఆగేది. తర్వాత బొటనవేలితో మెల్లగా అదిమేది. కింది అంగడి నుంచి పట్టీల చప్పుడు వస్తోంది.

"ఊపిరాడకుండా చేస్తాన్నట్లుండాదప్పా," అంది కాసేపటికి, తలెత్తకుండానే. మళ్ళీ ఇంకొకటి అందుకుంది.

ప్రొద్దుటూరులో, కొత్తగా వేసిన వేంపల్లెలో ఆ ప్యాకెట్లు కొద్దికొద్దిగా అమ్ముడుపోయాయి. సొంత ఊరి దగ్గర, జమ్మలమడుగులో మాత్రం పోలేదు. జనం గోటితో స్టికర్ అంచు గీకి, లోపల ఆమె ఉందో లేదో చూసి, ఉందని తేల్చుకొని పెట్టేసేవాళ్ళు. పైగా ఎదురుగా బస్టాండు దగ్గర ఆమె ఫ్లెక్సు అలాగే ఉంది.

"దాన్ని దించేస్తే జనం మర్చిపోతారు కదక్కా," అన్నాడు ఖాదర్ ఒకసారి.

"పోయినోళ్ళ ఫ్లెక్సు చేత్తో ఎవురు దించుతారప్పా? నీ మామ దించుతాడా?" అంది నాగవేణి. "గాలి రావల్ల. అదే పీకల్ల."

పెళ్ళి ఫ్లెక్సయితే తెల్లారేసరికి ఎవరో ఒకరు విప్పుకుపోతారు. చావు ఫ్లెక్సును ఎవరూ ముట్టరు. ఎండకు ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోతాయి, నీలం చివరిదాకా ఉంటుంది. జమ్మలమడుగు పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. ఓబులమ్మ నెలనెలా నీలమవుతూ, నవ్వుతూనే ఉంది. నాగవేణి మాత్రం అప్పటికి చెనక్కాయలు కొట్టే కూలికి పోతోంది.

మరుసటి ఏడు వానలకు ముందు ఒక పెద్దగాలికి అది తెగింది. తర్వాత కొద్దిరోజులకు నాగవేణి వచ్చింది. మళ్ళీ మొదలుపెడుతుందట, ఈసారి చిన్న మూటతో.

"మొగం ఎవురిది పెట్టమంటావక్కా? నీది పెడదామా?" అన్నాను.

"నాదొద్దు. నాది ఫ్లెక్సుకు దాసిపెట్టుకో." నవ్వలేదు. "ఆకే ఎయ్యి."

తెగిన ఫ్లెక్సు ఏమైందని అడిగాను.

"దొడ్డి మింద కప్పినా. వాన కురుస్తాంటే మిగిలిన గొర్రెలు తడస్తాండ్య. మొగం కిందికే ఏసినాలే, వాటిని జూస్కుంటా ఉంటాది."

ఈ పనిలో నేను నేర్చుకున్నది పెద్దదేం కాదు. ఇప్పుడు ప్యాకెట్‌కో బోర్డుకో ఫొటో దిగడానికి ఎవరొచ్చినా, పని అయ్యాక ఇంకొకటి తీస్తాం. మొదటిది అంగడికి, రెండోది ఇంటికి. రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి.

"రెండోది దేనికప్పా?" అని ప్రతివాళ్ళూ అడుగుతారు.

ఇన్నేళ్ళలో దానికి ఒక్క మంచి జోకు దొరకలేదు. "లైటింగు చూసుకోవడానికి," అంటాడు ఖాదర్.