నేను నేర్పిన మాట

ముప్ఫై ఏళ్లు తమిళనాడులోని ధర్మపురిలో జాకెట్లు కుట్టి బతికాను. కళ్లు మసకబారి దుకాణం మూసేశాక, తెలిసిన ఒకావిడ పిలిస్తే, ఆడవాళ్ల జైల్లో శిక్ష ముగియబోతున్నవాళ్లకు కుట్టు నేర్పడానికి ఒప్పుకున్నాను. ప్రతి గురువారం పొద్దున్నే బస్సెక్కేదాన్ని.

కొన్నాళ్లకు కుట్టుకంటే వేరే పాఠాలే ఎక్కువయ్యాయి. పదేళ్లు లోపల ఉన్నవాళ్లకు బయటి సంగతులు ఏం తెలుస్తాయి? టౌన్ బస్సులో ఇప్పుడు ఆడవాళ్లు టిక్కెట్టుకు డబ్బివ్వక్కర్లేదంటే నమ్మేవాళ్లు కారు. టీ కొట్లో డబ్బుకు బదులు ఫోను చూపిస్తే చాలంటే నవ్వేవాళ్లు. ఇవి నేర్పడం తేలిక. ఇంటికి పోయి, మొహం వాచిపోయేలా చీవాట్లు పెట్టేవాళ్ల ముందు నిలబడి ఏం మాట్లాడాలో నేర్పడం కష్టం. ఆ పని నాకు బాగా వచ్చని అనుకునేదాన్ని. ఒకరిని ఇంటివాళ్లుగా నిలబెట్టి, ఒకరిని తిరిగొచ్చినవాళ్లుగా నిలబెట్టి, మాటలు అనిపించేదాన్ని. చాలాసార్లు ఇంటివాళ్ల వేషం నేనే కట్టేదాన్ని.

వాళ్లలో ఒకామెది సోగత్తూరు దగ్గర కూలివాళ్ల వీధి. నలభై దాటాయి. పదకొండేళ్ల కిందట మొగుణ్ణి గడ్డపారతో కొట్టింది, అతను చచ్చిపోయాడు. జైల్లో అందరూ తమిళమే. నా నోట తెలుగు మాట వినగానే తన మిషను నా పక్కకు జరుపుకుంది.

"మీరు మనోళ్లేనాక్కా?" అని అడిగింది. అంతే, ఇక నన్ను వదల్లేదు.

కూతురికి అప్పుడు ఆరేళ్లు. ఇప్పుడు పదిహేడు. ఆమె అత్త, అంటే చచ్చిపోయినవాడి తల్లి, పెంచింది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పిల్లను తల్లికి చూపించలేదు. విడుదల ఖాయమయ్యాక మేమిద్దరం ఆ పిల్ల కోసమే మాటలు సిద్ధం చేయడం మొదలుపెట్టాం.

"నేనే నీ కూతుర్ని. వాకిట్లోకి వచ్చినాను. ఏం చెప్తావు?" అన్నాను.

"తప్పు చేసినాను, అంటాను."

"అంతేనా?"

"అంతే కదక్కా. ఇంకేముండాది?"

నాకు అది చప్పగా అనిపించింది. పదకొండేళ్ల తర్వాత బిడ్డ ముందు నిలబడి చెప్పే మాట అదేనా అనుకున్నాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"రోజూ తాగొచ్చి కొట్టేవాడేక్కా. ఆ పొద్దూ కొట్టినాడు. గోడకు గడ్డపార ఆనించి ఉన్నాది. చేతికి అందినాది. ఆ పొద్దే ఎందుకు చేసినానో నాకే తెలీదు."

"పాప యాడుండాది?"

"ఆడనే యాడనో ఉండాది."

"పాపను కూడా కొట్టబోయినాడా?"

ఆమె మిషను చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పింది. "అట్లనే ఉంటాదేమోక్కా," అంది.

ఆ "ఏమో"ను నేను పట్టించుకోలేదు. తల్లి తన కోసమే ఆ పని చేసిందని తెలిస్తే ఏ బిడ్డ మనసైనా కరుగుతుందని నా లెక్క. "నీ కోసరమే చేసినాను పాపా" అని చెప్పమన్నాను. మొదట్లో ఆ మాట ఆమె నోట పలకలేదు. నేను వదల్లేదు. కొలత కుదరని జాకెట్టును విప్పి మళ్లీ కుట్టినట్టు, ప్రతి గురువారం మళ్లీ మళ్లీ చెప్పించాను. నాలుగో వారానికి ఆమె తనంతట తానే కొత్త సంగతులు చేర్చడం మొదలుపెట్టింది. అతను పాప జుట్టు పట్టుకున్నాడంది. పాప "అమ్మా" అని అరిచిందంది. చెబుతూ చెబుతూ ఏడ్చేది. ఇవి నిజమేనా అని నేను అడగలేదు. ఏడుపు సరైన చోట వస్తోందని సంతోషించాను.

విడుదలకు నెల ముందు వాళ్లింటికి వెళ్లాను. అత్త వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. విషయం చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"నీకు కొడుకుండాడా?" అంది.

"ఉండాడు."

"నీ కోడలు వాణ్ణి చంపేసి పదేండ్లకు తిరిగొస్తే అన్నం పెడతావా?"

నేను చేటలోని చెనక్కాయల వైపు చూశాను. "పెడతాననైనా అబద్ధం చెప్పు. దానికైనా కూసోమంటాను," అంది.

అప్పుడే లోపలినుంచి పిల్ల వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తల్లి కళ్లతో ఉంది. "రానీండి ఆంటీ. నేను ఆమెను ఒక మాట అడగల్ల," అంది. వాళ్ల అవ్వ ఇంకో గుప్పెడు చెనక్కాయలు చేటలోకి లాక్కుంది.

ఆ గురువారం జైలుకు వెళ్లి, "నీ కూతురు నిన్ను రమ్మనింది," అని మాత్రమే చెప్పాను. అత్త అన్న మాటలు దాచేశాను. ఆమె ఆ రోజే పిల్లకు చుడీదారు కుట్టడం మొదలుపెట్టింది. కంటితో చూసి వచ్చిన కొలతలు నేనే చెప్పాను.

విడుదలైన రోజు గేటు దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి, పరీక్షకు పోయే పిల్లలాగా. సోగత్తూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వీధిలో నలుగురైదుగురు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ పలకరించలేదు.

పిల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. "మీరు కూసోండి," అంది తల్లితో. మా ఇళ్లలో బిడ్డలు తల్లిని మీరు అనరు. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది కాని కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. నీ కోసరమే చేసినాను పాపా. నీ జుట్టు పట్టుకున్నాడు. నువ్వు అమ్మా అని అరిచినావు. ఒక్క మాట తప్పు పోలేదు.

పిల్ల చివరిదాకా విన్నది.

"నేను ఇంట్లో లేను," అంది. "ఆ పొద్దు నేను ఎదురింట్లో టీవీ చూస్తా ఉన్నాను. టీవీ చప్పుడులో ఏమీ వినపడలేదు, నేను వచ్చేలోపల అయిపోయినాది. మా నాయన నన్ను ఒక దెబ్బ కొట్టలేదు. మిమ్మల్ని కొట్టేవాడు. అది నాకు తెలుసు. దానికోసరం చేసినానని చెప్పుంటే నేను వినుందును."

ఆమె కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసింది. పిల్ల ఆ చూపును పట్టుకుంది.

"ఈ ఆంటీ నేర్పించినారా?"

అవ్వ చేటలో చెనక్కాయలు ఒలవడం ఆపి మమ్మల్నే చూస్తోంది.

"బళ్లో నన్ను ఎవరూ పక్కన కూసోనివ్వలేదు," అంది పిల్ల. గొంతు పెంచలేదు. "కొట్టి చంపినామె బిడ్డ అన్నారు. అది మోసినాను. ఇప్పుడు నా కోసరమే మా నాయన చచ్చినాడని అది కూడా నేనే మోయల్లనా? మా నాయన చచ్చేముందు ఏమన్నాడని మిమ్మల్ని అడగల్లని ఉన్నాను. ఆడ ఉన్నది మీరొక్కరే కదా. ఇంక వద్దు. మీరేం చెప్పినా నేను నమ్మను."

తల్లి మడత పెట్టిన చుడీదారు అందించింది. పిల్ల తీసుకుంది, విప్పలేదు, కుర్చీలో పెట్టింది. "ఇది తీసుకుపోండి," అని లోపలికి వెళ్లింది. మేము సందు మలుపు తిరుగుతుంటే వెనక నీళ్లు చిమ్మిన చప్పుడైంది. వెనక్కి చూశాను. ఆమె నిలబడిన చోటును అవ్వ కడుగుతోంది.

ఆ రోజు ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాను. మరి ఎక్కడికి పంపను? మా కోడలు మొహం మీద ఏమీ అనలేదు కాని, మనవణ్ణి ఎత్తుకొని గదిలోకి పోయి గడియ వేసుకుంది. నేను చేసింది అంతకంటే నీచం. వంటింట్లో కత్తిపీట, మిషను దగ్గరి కత్తెర రెండూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏడాదిగా ప్రతి గురువారం ఆమె చేతికి కత్తెర ఇచ్చినదాన్ని నేనే.

మరునాడు ఆమె ఊరికే కూర్చోలేక మా కోడలి చీరకు ఫాల్ కుట్టడానికి కూర్చుంది. "కత్తెర యాడక్కా?" అంది.

"సాన పట్టేదానికి ఇచ్చినాను," అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, దారాన్ని పళ్లతో తెంపుకుంది. చీర మొత్తం అలాగే కుట్టింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "పాప అడగాలనుకున్నాదే. ఆయన నిజంగా ఏమన్నాడు?"

"నీళ్లడిగినాడక్కా," అంది. "దెబ్బ తగిలినాక చానాసేపు ఉన్నాడు. కడవ నా పక్కనే ఉన్నాది. నేను ఇయ్యలేదు. చూస్తా కూసున్నాను. కొట్టినదానికి కోర్టు శిక్ష ఏసినాది. దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు. తప్పు చేసినానని పాపకు చెప్పల్లనుకున్నది దీన్నే." చీర మడత పెడుతూ, "మీరు చదువుకున్నోళ్లు, మీకు తెలుస్తాదనుకున్నాను," అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది.

మూడో రోజు పొద్దున్నే, ఏదైనా పని వెతుక్కుంటానని సంచీ తీసుకుంది. చుడీదారును మా కోడలికి ఇచ్చింది. ఆమె తీసుకుంది, ఎన్నడూ వేసుకోలేదు. బస్‌స్టాండుదాకా వస్తానన్నాను. వద్దంది. నేను కూడా రెండోసారి అడగలేదు.

తర్వాత రెండుసార్లు సోగత్తూరు వెళ్లాను, ఆ పిల్లకు నిజం చెబుదామని. సందు మొదట్లోనే నిలబడిపోయాను. ఆ మాట తల్లి నోటినుంచి రావాలి. తల్లి మాటకు విలువ లేకుండా చేసిందాన్ని నేను. నా నోటినుంచి వస్తే ఇదీ నేర్పిన మాటే అనుకోదా? వెనక్కి వచ్చేశాను. జైలుకు ఇప్పటికీ వెళ్తున్నాను. కుట్టు మాత్రమే నేర్పుతున్నాను. ఇంట్లో ఏం మాట్లాడాలని ఎవరైనా అడిగితే, నాకు తెలియదంటాను. కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు.

ఏడాది తర్వాత ఆమె తొప్పూరు దగ్గర, లారీలు ఆగే ఒక హోటల్లో గిన్నెలు తోముతోందని తెలిసింది. వెళ్లాను. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. చిక్కిపోయింది. చేతివేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని పగిలి ఉంది. తనే టీ తెచ్చి పెట్టింది, కూర్చోలేదు.

"బాగుండావా?" అన్నాను.

"ఈడ నన్ను హోసూరు మనిషనుకుంటాండారు. మొగుడు జబ్బు చేసి పోయినాడని చెప్పినాను. బిడ్డలు లేరని చెప్పినాను."

"పాప కాలేజీలో చేరిందంట," అన్నాను, ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలని.

ఆమె మళ్లీ చేతులు తుడుచుకుంది. లోపలినుంచి యజమాని, ఎవరది అని తమిళంలో కేకేశాడు. దారి అడుగుతున్నారని ఆమె తమిళంలోనే జవాబిచ్చి, నా వైపు వంగింది.

"ఇంక రావద్దక్కా. మీరొస్తే నేనెవరో వీళ్లకు తెలుస్తాది."

నేను టీ తాగడం ముగించకముందే బల్ల తుడవడం మొదలుపెట్టింది. గ్లాసు చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. గుడ్డ నా మోచేతి కిందుగా పోయింది. ధర్మపురి బస్సు వస్తే లేచి వెళ్లి ఎక్కాను.