బావ బోటు ముందురోజు వెళ్ళలేదు

హార్బర్‌లో అందరి ముందూ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. వేట నిషేధం ముగియకముందు బావ బోటు సముద్రంలోకి వెళ్ళలేదు. తప్పు నా షీట్‌ది. అంటే నాది.

బావంటే చుట్టం కాదు, ఒకే వీధిలో పెరిగి ఒకరినొకరం అలా పిలుచుకుంటాం. అతనికి బోటుంది. నేను వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు గుమస్తాని. ఫిషింగ్ హార్బర్ కబుర్లకు నెట్‌లో ఒక పేజీ నడిపేవాణ్ణి.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. ఆ ఏడాది గడువు అర్ధరాత్రి తీరగానే బోట్లన్నీ కదిలాయి. బావది ఇంజను మొరాయించి తెల్లవారుజామున కదిలింది. గట్టున నేనొక్కణ్ణే ఉన్నాను. గంగమ్మకు కొబ్బరికాయ కొడుతుంటే వీడియో తీసి అక్కడే పేజీలో పెట్టాను.

ఆఖర్న వెళ్ళినవాడు అందరికంటే ముందు రొయ్యలతో తిరిగొచ్చాడు. గడువు తీరకముందే వెళ్ళాడని గొణుగుడు మొదలైంది. అప్పటికే నేను పేజీ మూసేస్తూ, స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాంతో పోస్టులన్నీ ఎక్సెల్ షీట్‌లోకి దించుకున్నాను. బోటు ఎప్పుడు కదిలిందో తేల్చడానికి బోట్ల సంఘం అడిగితే తెరిచి చూడకుండా పంపేశాను. అందులో ఆ వీడియో ముందురోజు రాత్రి పదింటికి పెట్టినట్టుంది.

బావ సరుకు వేలంలో పెట్టనివ్వలేదు. దొంగవేట బోటని సంఘం గోడకు నోటీసు అంటించారు.

"బావా, నువ్వున్నావు కదా, సెప్పు! నానెల్లింది తెల్లారగట్ల కాదా?" అన్నాడు బావ నాతో.

నిద్రమత్తులో నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. నా కళ్ళకంటే షీట్‌ను నమ్మి తల దించుకున్నాను.

కొన్నాళ్ళకు ఏదో పాత పోస్టు కోసం ఆ షీట్ తెరిచాను. 'ఇప్పుడే పొద్దు పొడిచింది' అని నేను రాసిన పోస్టు పక్కన అర్ధరాత్రి టైముంది. స్క్రిప్ట్ రాసింది గ్రీన్‌విచ్ టైము, మనకంటే ఐదున్నర గంటలు వెనక.

సంఘం పెద్ద దగ్గరికి పరిగెత్తాను.

"అయిపోనాదాన్ని మళ్ళీ రేపుతావేటి? సంఘం తప్పు సేసిందని ఊరంతా సాటుతావా?" అన్నాడు.

"సంఘమొక్కటే కాదు, నానూ సేసినాను. సాటుతాను."

మర్నాడు వేలం దగ్గర ఐసు పెట్టెల మధ్య నిలబడి, పాత షీటూ సరిచేసిన షీటూ ఎత్తి చూపిస్తూ జరిగింది చెప్పాను.

"గడియారం సూడ్డం రానోడు కంప్యూటర్ నడిపీసినాడ్రా!" అని చేపలమ్మే ఒకామె అరిచింది. అందరూ నవ్వారు. పడాల్సిన మాటే, పడ్డాను. చెప్పడం మాత్రం ఆపలేదు.

బావ వల కుడుతూ తలెత్తలేదు. "నాకు షీట్లెందుకు బావా? ఆయేళ నువ్వు నోరిప్పుంటే సాలును కదా," అన్నాడు.

అతను క్షమించాలని ఇది రాయడం లేదు.

ఆ రోజు బావ సరుకు వేలానికొచ్చింది. గోడ మీద నోటీసు మాత్రం అలాగే ఉంది. పరువు పోతుందని సంఘం దాన్ని తీయడం లేదు. తీసేదాకా ప్రతి వేలానికీ వెళ్తాను, ఇదే మాట చెప్తాను. నవ్వేవాళ్ళను నవ్వనీ.