గట్టి నేల మీద ఇవ్వని కాలు

నాకు కోపం ఎక్కువ. మా ఆవిడ ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. నేను మాత్రం మొన్నమొన్నటిదాకా ఒప్పుకోలేదు. లాడాలు కొట్టేవాడికి కోపం ఉండకూడదని మా నాన్న చెప్పేవాడు. చెబుతూనే నా వీపు మీద ఒకటి చరిచేవాడు కాబట్టి, ఆ మాటను నేను పెద్దగా లెక్కపెట్టలేదు.

మాది నెల్లూరు. మా నాన్న కాలంలో బుచ్చిరెడ్డిపాలెం వైపు వడ్లబండ్లు లాగే ఎద్దులు చాలావరకు మా సుత్తి కిందికే వచ్చేవి. ఎద్దునయితే తాళ్ళతో పడేసి, కాళ్ళు కట్టేసి లాడం కొడతాం. అది ఇష్టపడిందా లేదా అని అడిగే పనే లేదు. గుర్రం అలా కాదు, నిలబడి తనంతట తాను కాలు ఎత్తి మన చేతికివ్వాలి. ఇప్పుడు ఆ బండ్లూ లేవు, ఎద్దులూ లేవు. ట్రాక్టరుకు లాడాలు అక్కర్లేదు. నాకు మిగిలినవల్లా పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రాలు, మైపాడు ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాలు, ఇన్నేళ్ళు గొంతుక్కూర్చున్నందుకు బహుమానంగా వచ్చిన కుడిమోకాలి నొప్పి.

మైపాడులో ఒకావిడకు తెల్లటి ఆడగుర్రం ఉంది. మొగుడు బోటు మీద వేటకు పోతాడు. గుర్రం పని మొత్తం ఆవిడదే. ఆదివారాలు ఒడ్డున పిల్లల్ని ఎక్కించి తిప్పుతుంది. ముహూర్తాల రోజుల్లో పెళ్ళికొడుకు ఊరేగింపులకు నెల్లూరు దాకా తోలుకొస్తుంది. ఇసకలో తిరిగే గుర్రానికి లాడం లేకపోయినా ఫరవాలేదు కానీ తారురోడ్డు ఎక్కాలంటే ఉండి తీరాలి. అందుకని ముహూర్తాలు మొదలయ్యే ముందు నాకు ఫోను వస్తుంది.

క్రితం ఏడాది ఊరేగింపు మధ్యలో ఆ గుర్రానికి ఒక లాడం ఊడిపోయింది. పెళ్ళికొడుకు మేనత్త దాన్ని చేతిలో పట్టుకుని, ఇదేం అపశకునమని నడిరోడ్డు మీద పెద్ద రాద్ధాంతం చేసిందట. అందుకని ఈసారి నేను సామాన్ల పెట్టె దించకముందే ఆవిడ మొదలుపెట్టింది.

"అన్నా, ఈసారి ఊడకూడదన్నా. మళ్ళా అట్టయితే మెరవణికి మమ్మల్ని పిలిచేవాళ్ళుండరు."

"నేను కొట్టిన లాడం ఊడిందంటే అది రోడ్డు తప్పు" అన్నాను. అన్నానే గానీ, ఊడిన లాడం నా మనసులోనూ గుచ్చుకునే ఉంది. ఆ రోజు మేకుల్ని ఎప్పటికంటే కాస్త లోపలికి, కాస్త లోతుగా దించాను. గిట్ట అంచు మన గోరులాంటిది, దానికి నొప్పి తెలియదు. ఆ అంచు దాటితే లోపల ప్రాణమున్న కండ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఎడం చాలా తక్కువ. ఆ ఎడం చేతికి తెలుస్తుందని నా గర్వం.

పది రోజులకు ఆవిడ ఫోను చేసింది. "ముందరి ఎడమకాలు ముట్టుకోనీడంలా అన్నా. గిట్టలో ఇసక తీద్దామంటే భుజం కొరికింది."

టీవీఎస్ వేసుకుని పోయాను. ఆవిడ ఇంటి ముందు చేపలు ఎండబోసే సిమెంటు గచ్చు ఉంది, దాని అంచు దిగితే ఇసకే. నేనెప్పుడూ గుర్రాన్ని గచ్చు మీదే నిలబెడతాను. గట్టి నేల మీదయితేనే గిట్ట వంకర కనిపిస్తుంది, ఇసకలో నిలబెట్టినవాడికి పని రానట్టే లెక్క అని మా నాన్న పెట్టిన కట్టుబాటు. గుర్రాన్ని గచ్చు మీదికి ఎక్కించి ఎడమకాలు అడిగాను. ఇవ్వలేదు. పిక్క మీద తట్టాను. ఇవ్వలేదు. బలవంతంగా ఎత్తబోతే చెవులు వెనక్కి పెట్టి నా వైపు పళ్ళు చూపించింది.

నాలుగేళ్ళుగా నాకు కాలు ఇస్తున్న గుర్రం అది. కాళ్ళ దగ్గర కూర్చుంటే నా టోపీని మూతితో నెట్టేది. అలాంటిది పళ్ళు చూపించేసరికి నాకు అవమానంగా అనిపించింది. సుత్తి కర్రతో డొక్కలో ఒకటి వేశాను. చివరికి తాడు కట్టి, ఆవిడ చేత తాడు పట్టించి, ఎలాగో కాలు ఎత్తాను. ఎడమగిట్టను అణువణువూ చూశాను. ముల్లు లేదు, పగులు లేదు, వేడి లేదు. మేకులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కాలికేం లేదు. దీనికి పొగరెక్కుండాది" అన్నాను.

ఆవిడ ఫోను తెరిచి ఒక వీడియో నా ముందు పెట్టింది. మొన్న జరిగిన ఊరేగింపుది. బ్యాండు మేళం ముందు గుర్రం తల పైకి ఎగరేస్తూ దించుతూ నడుస్తోంది. చుట్టూ కుర్రకారు ఈలలు. "డాన్సు బాగా చేసిందని అందరూ మెచ్చుకున్నారన్నా. నేను నేర్పిందే లేదు. ఇంటికొచ్చినాక ఈ వేషాలు" అంది.

"చూశావా, మెచ్చుకునేసరికి తలకెక్కింది" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం అది ఒక చిన్నపిల్లను ఎక్కించుకోబోతూ పక్కకు గుంజుకుందట. పిల్ల పడలేదు కానీ వాళ్ళ నాన్న గొడవ చేశాడు. ఆవిడ నన్నే సలహా అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాను, కొరికే గుర్రాన్ని పిల్లల మధ్య ఉంచుకోవద్దు, అమ్మెయ్యి అని. ఆ గుర్రం పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళింటికి వచ్చింది. మొగుడు వేటకు పోయిన రాత్రుళ్ళు ఇంటి ముందు అది మేత నములుతుంటే ధైర్యంగా ఉంటుందని ఒకసారి నాతో అంది. అయినా నా మాట విన్నది. ఇన్నేళ్ళుగా గుర్రాలతో పనిచేసేవాణ్ణి కదా మరి.

శుక్రవారం బేరగాడు వస్తున్నాడనగా బుధవారం మళ్ళీ పిలిచింది. అతనికి లాడాలు తీసేసిన గిట్టలు చూడాలట. పొద్దున్నే పోయాను. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను చూడనట్టే పని మొదలుపెట్టాను.

మళ్ళీ గచ్చు, మళ్ళీ ఎడమకాలు, మళ్ళీ అదే తంతు. నాకు ఒళ్ళు మండిపోయింది. భుజంతో దాన్ని నెట్టి కాలు పైకి లాగాను. గుర్రం ఒక్కసారిగా బరువంతా నా మీదికి వదిలేసింది. నేను వెల్లకిలా గచ్చు మీద పడ్డాను. సుత్తి ఒకవైపు, టోపీ ఒకవైపు. ఆవిడ పగ్గం వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

దెబ్బేం తగల్లేదు. లేవడమే పెద్ద పని అయింది. లేవాలంటే ఎడమకాలు ముందుకు వేసి, కుడిమోకాలు నేలకు ఆనించి ఒత్తాలి. ఆ మోకాలు సిమెంటుకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మసీదులో పాలరాతి మీద కూడా నాకు ఇదే తిప్పలు, అందుకే ఈమధ్య కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నాను. ఇంట్లో మాత్రం బొంత మడిచి వేసుకుంటాను. ఇక్కడ బొంత ఎక్కడిది? పిరుదుల మీద జరుగుతూ జరుగుతూ గచ్చు అంచు దాటి ఇసకలోకి పోయి, మెత్తని ఇసకలో మోకాలు ఆనించి లేచాను. ఆవిడకు నవ్వు వచ్చినట్టుంది, పెదవి బిగబట్టింది.

లేచి చూస్తే నా పక్కనే గుర్రం. పగ్గం వదిలేశాక పారిపోతుందనుకున్నాను. అది ఎక్కడికీ పోలేదు. గచ్చు అంచుకు వచ్చి, కుడి ముందుకాలు ఒక్కటి ఇసకలో దించి, మిగతా మూడూ గచ్చు మీదే ఉంచి, మెడ వేలాడేసి నిలబడింది.

నేను దాని కాలు చూశాను. నా మోకాలు చూసుకున్నాను.

పగ్గం పట్టుకుని దాన్ని పూర్తిగా ఇసకలోకి దించాను. ఎడమ పిక్క మీద మెల్లగా వేలు పెట్టాను. అడగ్గానే కాలు ఎత్తి నా చేతిలో పెట్టింది.

"ఇదేందన్నా, ఇస్తా ఉండాది" అంది ఆవిడ.

ఎడమకాలికి నొప్పి లేదు. అది ఎత్తితే బరువంతా పడే కుడికాలికి ఉంది నొప్పి. ఇసకలో ఆ కాలు ఆనించగలదు, సిమెంటు మీద ఆనించలేదు. రెండుసార్లూ నేను మంచి కాలినే పట్టుకున్నాను. రెండోదాన్ని ఒక్కసారి ముట్టుకుని చూడలేదు. నా వయసువాడు చేయాల్సిన పొరపాటు కాదది.

ఆవిడ ఫోను అడిగి ఆ వీడియో మళ్ళీ చూశాను. ఈసారి తల చూడలేదు, కాళ్ళు చూశాను. కుడికాలు తారురోడ్డుకు ఆనిన ప్రతిసారీ తల పైకి లేస్తోంది. బ్యాండువాళ్ళు తాళం మార్చినా అది మార్చలేదు. అంతమంది ముందు అది కుంటింది. మేమంతా డాన్సు అన్నాం.

కుడిగిట్ట మీద అరచెయ్యి వేస్తే కాలుతోంది. సుత్తితో మేకుల తలల్ని ఒక్కొక్కదాన్నీ గోటితో తట్టినంత మెల్లగా తట్టాను. లోపలివైపు రెండో మేకు దగ్గర కాలు వెనక్కి లాక్కుంది, ఒళ్ళంతా వణికింది. పట్టుకారుతో ఆ మేకు పీకాను. కొన తడిగా, నల్లగా ఉంది. వెనకే చీము చుక్క వచ్చింది. గుర్రం గట్టిగా ఊపిరి వదిలింది.

ఆవిడ వంగి చూసింది. "ముల్లా అన్నా?"

అవునంటే సరిపోయేది. మైపాడు ఇసకలో గవ్వపెంకులకూ గాజుముక్కలకూ కొదవా? నా పేరు నిలిచేది, ఆవిడా నమ్మేది. ఆ ఒక్క అవును నాలుక చివరిదాకా వచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

"ముల్లు కాదమ్మా. నా మేకే. లోపలికి దించేసినా. పొగరు దానిక్కాదు, నాకు" అన్నాను.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. "ఊడకూడదని పోరు పెట్టింది నేనే కదన్నా" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే దీన్ని అమ్మబళ్ళేదా?"

"అమ్మొద్దు."

ఆవిడ అక్కడే ఇసకలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది దుఃఖం కాదు. నా గుండె మీదినుంచి కూడా పెద్ద బండరాయి దిగినట్టయింది. దొంగచాటుగా నేనూ కళ్ళు తుడుచుకున్నాను, ఎండ అని చెప్పుకోవచ్చు కదా అని.

పశువుల డాక్టరుకు ఫోను చేశాం. ఆయన మధ్యాహ్నానికి వచ్చి, చీము పూర్తిగా పోవడానికి దారి చేసి, ధనుర్వాతం రాకుండా సూది వేశాడు. మేకు ఎవరు కొట్టారని అడిగాడు. నేనే అన్నాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా తేలికగా ఉంది. ఆయన చెప్పినట్టు రోజుకు రెండు పూటలా ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో గిట్ట ముంచి కట్టు కట్టాలి. ఆ వారమంతా రోజూ పోయి పొద్దుటిపూట పని నేనే చేశాను. మా ఆవిడ నన్ను వింతగా చూసి, మనుషులకు కూడా ఇంత సేవ చేయొచ్చు అంది. శుక్రవారం బేరగాడు వచ్చాడట. ఆవిడ మజ్జిగ ఇచ్చి పంపించేసింది.

కట్టు విప్పి, నడక కుదుటపడి, లేత గిట్ట కాస్త ఎదిగాక మళ్ళీ లాడాలకు పిలిచింది. ముందు ఇసకలో నిలబెట్టి నాలుగు గిట్టలూ అరచేత్తో చూశాను. మా నాన్న చూస్తే నా వీపు విమానం మోత మోగించేవాడు. గుర్రం నన్ను చూసి చెవులు కదిలించింది. వెనక్కి మాత్రం పెట్టలేదు. డొక్కలో నేను వేసిన దెబ్బ దానికి గుర్తుందో లేదో తెలియదు, నాకు మాత్రం ఉంది.

తర్వాత గచ్చు మీదికి ఎక్కించాం. నేను కూర్చునే చోట ఆవిడ పాత బొంత ఒకటి నాలుగు మడతలు పెట్టి వేసింది.

"ఎవరికి?" అన్నాను.

"నీకే. నీకు మోకాలు నొస్తే నువ్వు కూడా కొరికేటట్టుండావు" అంది.

బొంత మీద మోకాలు ఆనించి ఎడమకాలి కోసం చెయ్యి చాపాను, పిక్క మీద తట్టలేదు. గుర్రం కాస్త ఆగింది. నేను మేకు దించిన కుడికాలి మీదికి, ఆ గట్టి సిమెంటు మీద, మెల్లమెల్లగా బరువంతా మార్చుకుంది. ఎడమకాలు ఎత్తి నా చేతిలో పెట్టింది. నేను వెంటనే పని మొదలుపెట్టలేకపోయాను. ఆ కాలు అలాగే పట్టుకుని కూర్చున్నాను, అది ఇచ్చినంతసేపూ.