కుప్పమ్మ వదిలిన రాట్నం

గుడియాత్తంలో లుంగీలు నేసే కుప్పమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టడంలోనూ చురుకే. తోడికోడలు లోకేశ్వరి గంటకు పది చుడితే తను ఇరవై చుట్టేది. అందుకే రాట్నం ఎవరికీ ఇచ్చేది కాదు. ఈసారి మలేసియాకు పోయే లుంగీల్లో ఇంకా ఎనిమిది నేయాల్సి ఉంది. శుక్రవారానికి ఇవ్వకపోతే ఆ ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది.

"నువ్వు కండెలు సుట్టేంతసేపూ మగ్గం ఊరికే ఉండాది కదక్కా. నాకు నేత రాదు, సుట్టేది నాకిచ్చెయ్" అంది లోకేశ్వరి.

"నీది నత్తనడక మే."

"నత్తయినా కండె నింపుతాది. నువ్వు నెయ్యి."

కుప్పమ్మ రాట్నం ఆమె వైపు జరిపింది. గురువారం సాయంత్రానికే ఎనిమిదో లుంగీ మడతపెట్టి నవ్వింది.

"మలేసియావోళ్ళు మనకంటే బిరీనా నేస్తారేమో లోకా. వాళ్ళకు ఇంతకన్నా మంచి పనుండి, నేను నీకు రాట్నం ఇడిసినట్టు ఇది మనకు ఇడిసిపెట్టినారు."