పిలవని పేరు

నిన్న కోస్గి బస్సులో ఒక ముసలాయన తడిసిన గొంగడితో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ ఉన్ని వాసన తగలగానే ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఎప్పటిదో ఒక గది మీద.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి మానేసి గొర్ల వెంట తిరుగుతున్నానని అధికారులు నన్ను తీసుకెళ్లి హాస్టల్లో పెట్టారు. వారం తర్వాత, పిల్లల కేసులు చూసే కమిటీ ముందు విచారణ. ఆ రోజు వాన. బాపు గొంగడి, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడ వారన నేల మీద కూర్చుని తల దించుకున్నాడు.

"ఎవరన్నా చెప్పేదుంటే చెప్పుండ్రి" అంది కమిటీ మేడమ్, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

బాపు కదల్లేదు. నేను ఆయనకు అక్కర్లేదు కాబట్టే మాట్లాడట్లేదనుకున్నాను.

"ఇంటికి పోతవా బిడ్డా?" అని ఆమె నన్నడిగింది.

"పోను" అన్నాను కసిగా.

'తండ్రి ఏమీ చెప్పలేదు' అని రాసుకున్నారు. ఏడాది హాస్టల్లోనే ఉన్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆనాడు ఎందుకు మాట్లాడలే బాపూ?"

"పంచాయితిల పెద్దమనుషులు పేరు పెట్టి పిలువంది నోరు తెరుస్తమా బిడ్డా? పిలుస్తరేమోనని చూస్కుంటనే కూసున్న."

అడగకపోయినా మాట్లాడొచ్చని గుమ్మం దగ్గర ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. ఆ గదిలో అంతమంది చదువుకున్నవాళ్లుండి, ఆయన పేరు ముందరి కాగితం మీదే ఉండి, ఒక్కరూ పిలవలేదు.