పిన్ని తనే చెప్పుకున్న మాట

నా చిన్నప్పుడు, నాకింకా తొమ్మిదేళ్లు నిండని రోజుల్లో, మా పిన్ని మాతోనే జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉండేది. అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు. దగ్గర్లోని చిన్న కాలేజీలో రెండేళ్లు ఇంజనీరింగ్ చదివింది. అక్కడి నుంచి ఆకెన్‌లోని పెద్ద యూనివర్సిటీకి మారాలని ఆమె పట్టుదల. మధ్యలో వచ్చి చేరేవాళ్లకు అక్కడ ఉండేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సీట్లు.

కాలేజీ నుంచి రావలసిన ఒక కాగితం ఆలస్యమై, దరఖాస్తుకు చివరి రోజు మాత్రమే మిగిలింది. ఇక పోస్టును నమ్మలేక స్వయంగా వెళ్లి ఇస్తానంది పిన్ని. బడికి సెలవులు కావడంతో నన్నూ వెంటబెట్టుకుంది. క్లాసులో చెప్పే జర్మన్ ఆమెకు బాగానే అర్థమయ్యేది. కానీ ఆఫీసుల్లో వాళ్లు గబగబా మాట్లాడేసరికి నోరు పెగిలేది కాదు. నేను ఆ దేశంలోనే పుట్టినదాన్ని. "నాకు మాట తట్టకపోతే నువ్వు అందియ్యాలె బిడ్డా" అంది.

పొద్దున్నే రైలెక్కాం. నాలుగు గంటల ప్రయాణంలో పిన్ని ఫైలు ఎన్నిసార్లు తెరిచి మూసిందో తెలియదు. అమ్మ కట్టిచ్చిన పులిహోర నేనొక్కదాన్నే తిన్నాను. ఆమె భయం ఎందుకో నాకు కొంచెం తెలుసు. మొదటి సంవత్సరం మెకానిక్స్ పరీక్షలో పిన్ని తప్పింది. రెండోసారి రాసి మంచి మార్కులతో గట్టెక్కింది. ఆ సంగతి బయట ఎవరి దగ్గరా అనొద్దని అమ్మ నాకు గట్టిగా చెప్పి పెట్టింది.

యూనివర్సిటీ ఆఫీసు మూసే వేళకు ఇంకా అరగంట ఉందనగా మా వంతు వచ్చింది. కిటికీ అవతల కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, ఒక చోట వేలు ఆనించింది. అక్కడ పిన్ని ఏమీ రాయలేదు.

"ఇదివరకు ఏ పరీక్షలోనైనా తప్పారా?" అని అడిగింది.

పిన్ని పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. పిన్ని మాట తడుముకుంటోందనుకున్నాను. అమ్మ చెప్పింది గుర్తొచ్చింది. "నైన్" అనేశాను. లేదు అని. ఆవిడ నా వైపు చూసి నవ్వి, కలం అందుకుంది.

"డోఖ్" అంది పిన్ని.

ఎదుటివాళ్లు లేదన్నదాన్ని కాదని, ఉందని చెప్పడానికి జర్మన్‌లో వాడే చిన్న మాట అది. ఆ తరువాత తడబడుతూ, వ్యాకరణం తప్పుతూ, తను ఒకసారి తప్పానని, మళ్లీ రాసి పాసయ్యానని తనే చెప్పింది. ఆవిడ నవ్వు మాయమైంది. కలం పక్కన పెట్టి, ఫైలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది.

గోడ మీద గడియారం ముల్లు కదులుతూనే ఉంది. నేను చెడగొట్టానని ఏడుపొచ్చింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నా మంచికే అన్నవ్. నాకెరుకే" అంది మెల్లగా. "కానీ రేపు ఆ క్లాసుల కూసునేది నేను గదా. ఎప్పుడు ఎవరు అడుగుతరో అని భయపడుకుంట ఎట్ల చదువుత?"

ఆవిడ తిరిగొచ్చి, రెండోసారి రాసి పాసైన కాగితం ఉందా అని అడిగింది. సంచి అడుగు నుంచి పిన్ని తీసిచ్చింది. ఆవిడ ముద్ర వేసి, నిర్ణయం పోస్టులో వస్తుందని చెప్పి కిటికీ మూసేసింది. ఆ ముఖంలో కోపమూ లేదు, దయా లేదు.

ఐదు వారాలు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పోస్టు డబ్బా తాళం పిన్ని తన దగ్గరే ఉంచుకుంది. చివరకు ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు, కానీ మెకానిక్స్‌ను లెక్కలోకి తీసుకోలేదు. ఒక సెమిస్టర్ వెనక నుంచి మొదలుపెట్టాలి. పిన్ని వంటగదిలో నేల మీదే కూర్చుని ఏడ్చింది. సంతోషమో మరొకటో నాకు తెలియలేదు.

"చెప్పకపోతే ఆ సెమిస్టర్ మిగులుతుండెనేమో" అంది అమ్మ.

"కావొచ్చు అక్కా" అంది పిన్ని. అంతకుమించి వాదించలేదు. ఆ అక్టోబరులో ఆకెన్ వెళ్లింది. మెకానిక్స్ మళ్లీ చదివింది.

చెప్పడం వల్లే ఆ ఆరు నెలలు పోయాయా అన్నది ఇప్పటికీ మాకెవరికీ తెలియదు. నేను పెద్దయ్యాక, కొత్తగా వచ్చిన మనవాళ్ల వెంట ఆఫీసులకు వెళ్లి మాట సాయం చేస్తుంటాను. చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు "నువ్వే ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నట్టు నా వైపు చూస్తారు. నేను తొందరపడను. ఎంతసేపైనా వాళ్ల పక్కనే కూర్చుంటాను. వాళ్ల సంగతి వాళ్ల నోటి నుంచి వచ్చాకే నేను నోరు విప్పుతాను.